వెలిగొండల్లో, నల్లమల అంచున చిన్న ట్రైలర్‌తో రాత్రి ఆగడానికి ప్రశాంతమైన చోటు చెప్పండి

పానా, కావలి

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై మూడేళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆమెకు కూడా ఈ ఏప్రిల్‌తో సర్వీసు అయిపోయింది. అన్నేళ్లు పిల్లల కేకల మధ్య గడిపిన మనిషి. "నాకు ఏ తీర్థయాత్రా వద్దు, ఎక్కడైనా కొండ పక్కన రెండు రోజులు చప్పుడు లేకుండా కూర్చోబెట్టండి చాలు" అంది. ఆ మాట కోసమే కొన్ని నెలలు కూర్చుని, బొలెరో వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ట్రైలర్ ఒకటి సొంతంగా తయారుచేశాను. పదకొండు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. లోపల ఇద్దరం పడుకోవచ్చు. వెనుక తలుపు పైకెత్తితే అదే వంటగది. బండి సిద్ధమైంది కానీ దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

ఎలాంటి చోటు కావాలో చెబుతాను. 2023 వేసవిలో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాం. కొలరాడోలో రూజ్‌వెల్ట్ జాతీయ అడవి ఉంది. అందులో ఒక చిన్న మకాం దగ్గర, అద్దెకు తెచ్చిన ట్రైలర్‌లో రెండు రాత్రులు ఉన్నాం. కరెంటు లేదు, కుళాయి లేదు. ఒక్కో బండికి చదును చేసిన కాస్త నేల, ఒక చెక్క బల్ల, నిప్పు రాజేసుకోవడానికి ఇనుప వలయం, కొంచెం దూరంలో గుంత మరుగుదొడ్డి, అంతే. దారి మొదట్లో ఒక ఇనుప పెట్టె. కవరులో డబ్బు పెట్టి అందులో వేసి, చీటీ చించి మన స్థలం దగ్గరున్న గుంజకు తగిలించాలి. అడిగే మనిషి లేడు, అయినా అందరూ వేస్తున్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఎవరూ గొంతెత్తకూడదని బోర్డు ఉంది. ఎలుగుబంట్ల భయానికి తిండి సామానంతా బండిలో పెట్టి తాళం వేసుకున్నాం. అక్కడి పాండరోసా పైన్ చెట్టు బెరడుకు ముక్కు ఆనిస్తే వెనీలా వాసన వస్తుంది. మా ఆవిడ ప్రతి చెట్టు దగ్గరా ఆగి వాసన చూసింది. తిరిగొచ్చేటప్పుడు, "మన ఉదయగిరి వైపు కొండల్లో ఇలాంటి చోటు ఉండదా?" అని అడిగింది.

ఉంటుందనుకుని ఈ సెప్టెంబరులో ఒకసారి బయలుదేరాం. వెలిగొండల పక్కన రోడ్డు దిగి, ఒక చింతచెట్టు కింద ట్రైలర్ ఆపి పడుకున్నాం. ఊరి పేరు రాయను. రాత్రి ఒంటిగంటకు టార్చిలైట్లు, రేకు మీద లాఠీతో కొట్టిన చప్పుడు. ఎర్రచందనం దుంగలు తరలిస్తున్నామని అనుమానం. మా ఆవిడను కిందికి దింపి, పరుపు ఎత్తి, బియ్యం డబ్బా మూత కూడా తీసి చూశారు. ఏమీ దొరక్కపోయాక, ఇక్కడ ఉండకూడదు, వెళ్లిపోండి అన్నారు. చీకట్లో బండి తగిలించుకుని ఇంటికి వచ్చేశాం. దారి పొడవునా ఆమె మాట్లాడలేదు. నీళ్ల సీసా అందిస్తే ఆమె చేతులు వణికాయి. ఇంకోసారి ఆమెను అలాంటి రాత్రికి గురిచేయలేను.

అందుకని తెలిసినవాళ్లను అడుగుతున్నాను. కావలి నుంచి ఒక పూటలో చేరగలగాలి. మైకులు, రంగు దీపాలు, రిసార్టులు వద్దు. కరెంటు, నీళ్లు మేమే తెచ్చుకుంటాం. కొండ కనబడాలి, నేల చదునుగా ఉండాలి, రాత్రి ఎవరూ వచ్చి లేపకూడదు.

గిద్దలూరు తపాలా

పానా గారూ, నమస్తే. గిద్దలూరు, రాచర్ల, కంభం వైపు కొండ కింది ఊళ్లలో ఇరవై ఆరేళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి. మీ సెప్టెంబరు రాత్రి గురించి చదివి మనసు కష్టపెట్టుకున్నాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీరు అమెరికాలో చూసినట్టు ట్రైలర్ల కోసమే చదును చేసి ఉంచిన మకాం నేను తిరిగినంత మేరలో ఎక్కడా కనబడలేదు. అందుకని అడవిలో వెతకకండి, అడవి అంచున వెతకండి. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే తప్పు, ఇక రాత్రి మకాం మాట చెప్పనక్కరలేదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డును కూడా రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకే తెరుస్తారు. అడవి లోపలే ఒక రాత్రి గడపాలని అమ్మగారికి ఉంటే అటవీ శాఖ నడిపే మకాంలు నంద్యాల వైపు రెండున్నాయి. ఒకటి దోర్నాల, ఆత్మకూరు రోడ్డులో బైర్లూటి. రెండోది మా గిద్దలూరు, నంద్యాల రోడ్డులో పచ్చర్ల. అక్కడ గదులు, గుడారాలు వాళ్లవే, మీ ట్రైలర్‌తో పని ఉండదు. పగటిపూట అడవి చూడాలంటే దోర్నాల దాటాక తుమ్మలబైలు దగ్గర జీపులో తిప్పుతారు.

ట్రైలర్‌కు అంచే సరి. మీకు దగ్గరలో నేను మొదట చెప్పేది భైరవకోన. కావలి నుంచి కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా వెళ్లవచ్చు. కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే సుమారు 200 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం. కార్తీక మాసంలో మాత్రం వెళ్లకండి. పౌర్ణమి నాటి వెన్నెల గుహలో అమ్మవారి మీద పడుతుందని జనం విరగబడి వస్తారు. శివరాత్రి కూడా అంతే. సంక్రాంతి అయ్యాక, వారం మధ్యలో వెళ్లండి. కోన లోపల ఆపకుండా రెండు మైళ్లు వెనక్కి వచ్చి ఊరి పొలాల్లో ఆగండి. కొండ అక్కడి నుంచే బాగా కనబడుతుంది.

రెండోది మా కంభం చెరువు. గుండ్లకమ్మ, జంపలేరు కొండల మధ్య నుంచి వచ్చి కలిసే చోట కట్ట వేసి నిలిపిన నీళ్లు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఆ వార్త వచ్చిన కాగితం నేనే ఇల్లిల్లూ తిరిగి చూపించాను. సాయంత్రం నీటి మీదుగా వచ్చే గాలికి ఆ కట్ట మీద నిలబడితే ఒళ్లు తేలికవుతుంది. కట్ట మీదికి ట్రైలర్ తీసుకెళ్లకండి, వెనక్కి తిప్పుకోలేరు. కింద పొలాల్లో చోటు అడగండి.

నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి కూడా చాలా అందమైన చోటు, కానీ అది అడవి లోపల ఉంది. పగలు చూసి వచ్చేయాలి. శనివారం జనం ఎక్కువ.

ఇక మిమ్మల్ని రాత్రి లేపకుండా ఉండటానికి నా అనుభవం చెబుతాను. సాయంత్రం నాలుగు లోపే ఊరు చేరండి. పొలం గలవారి అనుమతి తీసుకోండి. తెల్లకాగితం మీద మీ పేరు, ఊరు, రెండు బండ్ల నంబర్లు, ఎన్ని రాత్రులు, ఎవరి పొలంలో అన్నది రాసి, వెలుగు ఉండగానే పోలీస్ స్టేషన్‌లో ఒకటి, అటవీ బీటు అధికారికి ఒకటి ఇవ్వండి. మూడోదాని మీద ముట్టినట్టు సంతకం పెట్టించుకుని తలగడ కింద ఉంచుకోండి. ఉదయగిరి, సీతారామపురం, రాపూరు కొండలన్నీ ఎర్రచందనం పెరిగే చోట్లు. అక్కడ మూసి ఉన్న బండిని రాత్రిపూట అనుమానించడం వాళ్ల ఉద్యోగం. పగలే మీరు వెళ్లి కనబడితే ఆ అనుమానం పగలే తీరిపోతుంది.

వాగు ఇసుకలో ఎప్పుడూ ఆగకండి. మెత్తగా, చదునుగా, తెల్లగా పిలుస్తున్నట్టే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. కొండ మీద ఎక్కడో కురిసిన వాన మనకు కనబడదు, వినబడదు. నా సైకిల్ ఒకసారి రాచర్ల దగ్గర అలాగే కొట్టుకుపోయింది, ఉత్తరాల సంచి భుజాన ఉండటం వల్ల దక్కింది. తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. కనిగిరి చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ.

నల్లమల నడక

బాబాయ్ గారూ, మీ ఇద్దరి కోరిక నాకు అర్థమైంది, కానీ ఒక భయం చెప్పాలి. నేను పెద్ద దోర్నాల దగ్గర పుట్టి పెరిగాను. ఒక చోటు ప్రశాంతంగా ఉందని ఫొటోతో సహా రాస్తే మరుసటి నెలకే అక్కడ కార్లు నిలుస్తాయి. సీసాలు, విస్తర్లు, సంగీతం పెట్టెలు వస్తాయి. ఇలా రెండు జలపాతాల దారి పాడవడం కళ్లారా చూశాను. మిగిలిన అన్నం చెట్టు మొదట్లో పోస్తారు, కోతులకు ఆ రుచి అలవాటైపోతుంది. తరువాత అవి ఊళ్ల మీద పడతాయి. సీతాఫలాలు పండే రోజుల్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు అడవి అంచుకు వస్తాయి. ఆ రోజుల్లో బయట వంట వాసన కూడా మంచిది కాదు.

చెంచుల గూడేల దగ్గర ఆగాలని కొందరికి సరదా. వాళ్ల ఇంటి ముంగిలి మనకు చూసే చోటు కాకూడదు. మీరు అలాంటివారు కారని మీ రాతలోనే తెలుస్తోంది. ఒక్కటే అడుగుతున్నాను. మంచి చోటు దొరికితే ఊరి పేరు వరకే రాయండి, పొలం గుర్తులు రాయకండి. పొలం గలవారు ఎవరిని రానివ్వాలో వాళ్లే నిర్ణయించుకోనివ్వండి.

రాపూరు నిమ్మతోట

అన్నయ్యగారూ, వదినగారి సంగతి చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మాది రాపూరు దగ్గర నాలుగెకరాల నిమ్మతోట. ఇంటాయన పోయాక పదేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. తోట వెనుక గట్టు దాటితే వెలిగొండ. తెల్లవారుజామున తోటలోకి వెళితే నిమ్మపూత వాసన, కొండ మీది నుంచి చల్లగాలి, ఇంకేమీ ఉండదు. బోరు షెడ్డు పక్కన ట్రాక్టరు తిప్పుకునే చోటు ఉంది. మీ బండి అక్కడ హాయిగా పడుతుంది. మీరు వచ్చి ఎన్ని రోజులైనా ఉండండి, ఇక్కడే పలకరించండి, దారి చెబుతాను.

పెంచలకోన మాకు దగ్గరే. శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు వద్దు. మామూలు రోజుల్లో ఉదయాన్నే పెనుశిల నరసింహస్వామి దర్శనం చేసుకుని ఎండెక్కేలోపు వచ్చేయవచ్చు. వదినగారికి నీళ్లు చూడాలనిపిస్తే కండలేరు జలాశయం ఉంది. మద్రాసుకు తాగునీళ్లు వెళ్లేది అక్కడి నుంచే.

ఆడవాళ్ల తరఫున ఒక మాట. చోటు ఎంత అందంగా ఉన్నా మరుగుదొడ్డి సంగతి తేలకపోతే ఆడమనిషికి అక్కడ శాంతి ఉండదు. సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసి కూర్చుంటుంది. వదినగారికి మోకాళ్ల నొప్పులుంటే కింద కూర్చోవడం ఇంకా కష్టం. దానికి మీ బండిలో ఏర్పాటు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు అది చేయించండి, కొండలు ఎక్కడికీ పోవు.

పామూరు

పెద్దయ్యగారూ, నాకూ ఇలాంటి ట్రైలర్ చేయించాలని ఉంది. బరువు ఎంత, బ్రేకులు ఎలా పెట్టారు, రిజిస్ట్రేషన్ కావాలా, కొంచెం వివరంగా రాస్తారా? ఘాట్ రోడ్డులో లాగుతుందా?

పానా, కావలి

ఇంతమంది ఇంత ఆదరంగా రాస్తారని అనుకోలేదు. మా ఆవిడకు అన్నీ చదివి వినిపించాను. నిమ్మతోట చెల్లెమ్మ రాసింది రెండుసార్లు చదివించుకుంది.

చెల్లెమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ఏర్పాటు ముందే చేశాను. మంచం కింద సొరుగులా బయటికి లాగే కుర్చీపీట, దాని కింద మూత బిగుతుగా పట్టే ఇరవై లీటర్ల బకెట్టు. వాడిన ప్రతిసారీ రెండు దోసిళ్ల రంపపుపొట్టు పోస్తే వాసన రాదు. పొట్టు మా వీధి చివర కలప అడితిలో ఊరికే ఇస్తారు. బకెట్టు ఇంటికి తెచ్చి మా మరుగుదొడ్డిలోనే శుభ్రం చేస్తాను. పొలంలో ఒక్క చుక్క వదలం.

నడక బాబూ, నీ మాట కూడా మనసుకు పట్టింది. ఊరి పేరు వరకే రాస్తాను, ఫొటో పెట్టను.

పామూరు బాబుకు. మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అనే మాటలోనే ట్రైలర్ కూడా ఉంది. అంటే దానికి విడిగా రిజిస్ట్రేషన్, వెనుక నంబరు పలక, ఇన్సూరెన్స్ కావాలి. చట్రం వెల్డింగ్ మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో కొలతలు మాట్లాడుకో. తరువాత కోయాల్సి వస్తే మనసు విరిగిపోతుంది.

సామాను, నీళ్లతో సహా కాటా వేయిస్తే 620 కిలోలు వచ్చింది. బొలెరో వెనుక ఇనుప బంతి, ట్రైలర్ ముక్కుకు దాన్ని పట్టుకునే గిన్నె. ఆ బంతి మీద పడే బరువు మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకూడదు, పదిహేను శాతం దాటకూడదు. మనుషులు బరువు చూసుకునే మిషన్ ముక్కు కింద పెట్టి చూస్తే నాది 70 కిలోలు. మొదట నీళ్ల ట్యాంకు వెనుక వైపు పెట్టాను. అప్పుడు ముక్కు తేలికై, యాభై దాటగానే ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగింది. స్టీరింగ్ చేతిలో వణికింది. ఇంటికి రాగానే ట్యాంకు విప్పి ఇరుసుకు కొంచెం ముందుకు మార్చాను. ఊపు పోయింది. బరువు ఎక్కడ ఉందన్నదే ట్రైలర్‌కు ప్రాణం, ఎంత ఉందన్నది ఆ తరువాతే.

బ్రేకు తోపుడు పద్ధతిది. ముందు బండి నెమ్మదిస్తే వెనుక ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే ముక్కులో ఉన్న కడ్డీ వెనక్కి జరిగి చక్రాల బ్రేకు పడుతుంది. మామూలు రోడ్డు మీద హాయిగా ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఆ తోపు ఆగదు కాబట్టి బ్రేకు దారంతా పట్టుకునే ఉంటుంది, డ్రమ్ములు కాలిపోతాయి. నంద్యాల వైపు నుంచి దిగువమెట్టకు దిగేవాళ్లు మధ్యలో రెండుసార్లు ఆగి, చక్రం దగ్గర చేయి పెట్టి వేడి చూసుకోవాలి. తాకకుండానే సెగ తగిలితే పావుగంట ఆగండి. నీళ్లు పొయ్యకండి, డ్రమ్ము పగులుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే గేరు.

గోడలకు రెండు ప్లైవుడ్ పలకల మధ్య థర్మోకోల్, పైన అల్యూమినియం రేకు. ఒక సోలార్ పలక, ఒక బ్యాటరీ, రెండు చిన్న దీపాలు, ఒక ఫ్యాను. ఇంతకంటే పెద్దది చేయకు. బండి చిన్నదైతే పల్లెదారిలో మలుపు తిరుగుతుంది. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఇద్దరం మనుషులం ట్రైలర్‌ను విప్పి చేతులతో పక్కకు నెట్టగలం. అలా నెట్టగలిగే బరువే నాకు హద్దు.

పానా, కావలి

వెళ్లి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

సంక్రాంతి తరువాత వారం, మంగళవారం ఉదయం బయలుదేరాం. ఉదయగిరిలో కాసేపు ఆగి దుర్గం కొండను కింది నుంచే చూశాం. రాయలవారు పద్దెనిమిది నెలలు ముట్టడి వేస్తే గానీ లొంగని కోట అది, మా మోకాళ్లకు లొంగుతుందా అని పైకి ప్రయత్నించలేదు. మా ఆవిడ అక్కడ చెక్క గరిటెలు నాలుగు కొంది. వేడి కూరలో పెట్టినా చేతికి కాలనివి, అంచు నున్నగా చెంప మీద రాసుకునేలా ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు భైరవకోన దగ్గరి ఊరు చేరాం. ఊరి పేరు అంబవరం కొత్తపల్లి, అంతకుమించి రాయను.

తపాలా గారు చెప్పినట్టే కాగితాలు మూడు రాసుకెళ్లాను. స్టేషన్‌లో ఇచ్చినప్పుడు అక్కడున్న కానిస్టేబులు మొదట అర్థంకానట్టు చూశాడు. ట్రైలర్ తలుపు తీసి నేనే చూపించాను. మంచం, పొయ్యి, బకెట్టు అన్నీ చూసి, మా అమ్మానాన్నలకు ఇలాంటిది ఒకటి చేసి పెడతారా అని అడిగాడు. సంతకం పెట్టి ఇచ్చాడు. బీటు అధికారి ఫోను నంబరు కూడా తనే చెప్పాడు.

చోటు అడగడానికి ఊళ్లో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. డెబ్బై దాటి ఉంటాయి. మొదట కంది కోసిన చేను చూపించింది. చక్రం నాలుగు అడుగులు పోయిందో లేదో ఆపేశాను. కంది మోళ్లు ఏటవాలుగా కోసి ఉంటాయి, ఒక్కొక్కటి చిటికెనవేలంత లావున ఉలి మొనలా ఎండి నిలబడి ఉంది. టైరు పక్కగోడను చీల్చేస్తుంది. నేను కిందికి వంగి మోడును వేలితో తడిమి చూస్తుంటే ఆవిడే అర్థం చేసుకుంది. "అయితే కల్లంలో పెట్టుకో నాయనా, కంది కొట్టడం అయిపోయింది" అంది.

కల్లం. ఇన్నాళ్లూ నేను ఎందుకు ఆలోచించలేదో తెలియదు. చిన్నప్పుడు మా తాత పక్కన కల్లంలోనే కదా పడుకున్నాను. గట్టి నేల, పేడతో అలికి తుడిచినట్టు ఉంది. చుట్టూ కంప లేదు, రాయి లేదు. తూర్పారబట్టడానికి గాలి కావాలి కాబట్టి పెద్దలు గాలి వచ్చే వైపే ఎంచుకుని వేసినది. ఒక పక్క వేపచెట్టు నీడ, పడమటి వైపు అడ్డు లేకుండా కొండ. బండ్లు రావాలి కాబట్టి దారి కూడా ఉంది. ట్రైలర్ ఆపి, చక్రాలకు చెక్కదిమ్మలు వేసి, అలవాటు కొద్దీ నేల మీద రసమట్టం పెట్టాను. బుడగ నడిమధ్యన నిలబడింది. ఎత్తు సరిచేయడానికి తెచ్చిన పలకలు సంచిలోంచి తీయనే లేదు.

సాయంత్రం ఆరున్నరకు కొండ నల్లబడింది. ఊళ్లో ఒక ఇంట్లో టీవీ కాసేపు వినబడి ఆగిపోయింది. ఆ తరువాత ఒక్కొక్కటే వినబడటం మొదలైంది. వేపాకు రేకు మీద రాలిన చప్పుడు. దూరంగా ఎవరిదో ఎద్దు మెడగంట. గుడ్లగూబ. మా ఆవిడ కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. నెత్తిమీద పిల్లలకోడి చుక్కలు లెక్కపెట్టమంటే ఆరు చెప్పింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఇన్ని కనబడటం ఇదే మొదటిసారి అంది. తొమ్మిదికి లోపలికి వెళ్లి పడుకుంది. నేను పన్నెండు దాకా మేలుకునే ఉన్నాను, కాగితం జేబులో పెట్టుకుని. ఎవరూ రాలేదు. తెల్లవారుజామున కౌజు పిట్టలు అరిచాయి. ఆమె ఏడు దాకా లేవలేదు. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో ఆమె ఏడు దాకా నిద్రపోవడం నేను చూడలేదు.

మరునాడు గుహాలయాలకు వెళ్లాం. జలపాతం సన్నగా ఉంది, వాన కాలం వెళ్లిపోయింది కాబట్టి అంతే ఉంటుంది. మా ఆవిడ కింది రాళ్ల మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకుంది.

రెండు రాత్రులు ఉన్నాం. వచ్చేటప్పుడు పెద్దావిడకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆవిడ బావి మోటారు మూడు నెలలుగా నీళ్లు సరిగా ఎత్తడం లేదని మాటల్లో తెలిసింది. చూస్తే ఫుట్‌వాల్వులో తోలు అరిగిపోయి ఉంది. నా పెట్టెలో ఉన్న తోలు ముక్క కోసి వేశాను. గంట పని. నీళ్లు పడ్డాక ఆవిడ ఒక గంప కందికాయలు ట్రైలర్‌లో పెట్టింది, పచ్చివి, ఆఖరి కాపువి. ఉప్పు వేసి ఉడకబెట్టి దారిలో తిన్నాం.

పామూరు బాబూ, ఒక చిన్న లోపం కనిపెట్టాను. పల్లెదారిలో దుమ్ము వెనుక తలుపు సందుల్లోంచి వంటగదిలోకి వచ్చేసింది. కారు తలుపులకు వేసే రబ్బరు పట్టీ వేస్తున్నాను, నువ్వు చేయించేటప్పుడు మొదటే వేయించు.

తపాలా గారూ, మార్చి లోపు కంభం వస్తాం. చెరువు కింద ఎవరిదైనా కల్లం ఖాళీగా ఉంటే కనుక్కుని చెప్పండి.

నిమ్మతోట చెల్లెమ్మా, ఫిబ్రవరి రెండో వారంలో మీ తోటకు వస్తున్నాం. మీ బోరు షెడ్డు దగ్గరి దారి ఎంత వెడల్పో ఒకసారి అడుగులతో కొలిచి చెప్పండి. మాకు ఏడడుగులు ఉంటే చాలు. మీ వదిన మీకోసం రెండు చెక్క గరిటెలు విడిగా తీసి పెట్టింది.